అల్ఫారెట్టాలో రాహుకాలం

ఆ ఆదివారం సాయంత్రం ఏడింటిలోపు ఒక దేశాధ్యక్షుణ్ణి చంపబోతున్నారు. చంపేది ఆఫ్రికాలో. చంపమని చెప్పేది మాత్రం అమెరికాలో, ఈ అల్ఫారెట్టాలో, మనవరాలి బర్త్‌డే కేక్ కట్ చేశాక.

2007, మార్చి 11. ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో, కారులో కూర్చుని చీఫ్ మల్లికార్జునరావు చెగోడీలు నములుతూ బ్రీఫింగ్ ఇస్తున్నాడు. పక్క సీట్లో ఏజెంట్ రఘువీర్. కవర్: సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, హెచ్-1బి, బ్యాచిలర్.

"టార్గెట్ ధర్మారావు. ఆయుధాల బ్రోకర్. కెంబాలా ప్రెసిడెంట్ ఈ ఏడాది మిలిటరీ బడ్జెట్ సగానికి కోసి ఆస్పత్రులకిచ్చాడు. అక్కడి జనరల్స్‌కి ఒళ్లు మండింది. ఈయనకి టాంకుల ఆర్డర్ పోయింది."

"సిగ్నల్?"

"శాటిలైట్ ఫోన్‌లో ఒక్క మాట. ఇక్కడ ఏడింటికి అక్కడ అర్ధరాత్రి. ప్యాలెస్ గార్డులు డ్యూటీ మారతారు. ఇప్పుడున్నవాళ్లు కుట్రలో మనుషులు. ఏడు దాటితే గేటు తీసేవాడుండడు. కుట్ర ఫ్లాప్."

"పోలీసులు?"

"వారెంట్ లేదు. నువ్వే వెళ్లి, ఫోన్ సిగ్నల్ ఆపే జామర్ ఆన్ చెయ్. లోపల మన మనిషి ప్రణీత, ఆయన సెక్రటరీ." చీఫ్ చెగోడీల ప్యాకెట్ మడిచాడు. "ఇంకో సంగతి. చంపాల్సినవాళ్ల లిస్టు దొరికింది. మూడో పేరు ఉమ."

ఉమ కూడా ఏజెంటే. డాక్టర్ వేషంలో కెంబాలాలో ఉంది. అంతకుముందు ఇంకో దేశంలో నాలుగేళ్లు కాగితాల మీద రఘువీర్ భార్య. కాగితాల మీదే అయినా, అతని కాఫీలో చక్కెర ఎంతో ఆమెకొక్కదానికే తెలుసు. ఆ దేశంలో కుట్రని ఇద్దరూ ఆపలేకపోయారు. ఆ తర్వాత ఇంకో మూడు దేశాల్లో అతనొక్కడే ఆపలేకపోయాడు. ఇప్పుడు ఆ పేరు విన్నా అతనికి ఏమీ అనిపించలేదు. పన్ను పీకించుకున్న రోజు దవడలా ఉంది మనసు. ఏమీ అనిపించనందుకు భయం వేయాలి కదా, అదీ వేయలేదు.

"ఓకే సార్," అన్నాడు.

మనవరాలి బర్త్‌డేకి ధర్మారావు ఇల్లు నిండా జనం. చెప్పుల గుట్ట దాటి లోపలికి వెళ్తే ఎర్ర పట్టుచీరలో ప్రణీత ఎదురొచ్చింది. ఆమె నడిచొస్తుంటే మగాళ్లంతా ప్లేట్లలోకి చూస్తున్నట్టు నటిస్తున్నారు.

"గోంగూర ఎలా ఉంది?" కోడ్ వర్డ్.

"ఎడిసన్‌లో ఇంకా పులుపు," రఘువీర్ జవాబు.

"జామర్ ఇవ్వు. ఆయన రూమ్ ముందు గన్‌లతో ఇద్దరున్నారు. నేనైతే లోపల పెట్టగలను."

అతను కారు రిమోట్‌లాంటి జామర్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నవ్వింది. పక్కనే ఉన్న సాంబారు గిన్నె మూత తీసి అందులో పడేసింది.

"సారీ. వాళ్లు మీకంటే ఎక్కువిస్తున్నారు. నీ పేరు మాత్రం చెప్పలేదులే, పాత పరిచయం కదా." మూత పెట్టి వెళ్లిపోయింది.

ఛీ అనుకునే ఓపిక కూడా లేదతనికి. టైమ్ చూసుకున్నాడు. ఆరూ ఇరవై.

ధర్మారావు కిచెన్‌లోకి వచ్చి ఫ్రిజ్ మీదున్న గుడి కేలండర్‌కి కళ్లజోడు ఆనించినంత దగ్గరగా వెళ్లి చూశాడు.

"రాహుకాలం 5:12 నుంచి 6:40. అయ్యాక చేస్తాను," అన్నాడు వెంటే వచ్చిన ప్రణీతతో. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో ఒక్కసారే రాహుకాలంలో డీల్ చేశాడట. ఆ డీల్‌లో జనరల్ చచ్చాడు, తనకి గుండెపోటు వచ్చింది.

ఆయన భార్య రాధారాణి పూరీలు వేయిస్తోంది. "ఇక్కడో ప్లేట్ అందుకో బాబూ. పొద్దున్నించీ అన్నీ లేటే. ఎండాకాలానికి గడియారాలు గంట ముందుకి జరిపేది ఈ ఏడాది మూడు వారాలు ముందే, ఇవాళే జరిపేశారట, ఎవడు చూశాడు! గంట లేటుగా వెళ్లానా, అభిషేకం అయిపోయింది!"

రఘువీర్ ప్లేట్ అందుకుంటూ ఆగిపోయాడు. మైక్రోవేవ్ మీద గడియారం ఇంకా 5:22 చూపిస్తోంది.

కేలండర్ దగ్గరికి వెళ్లి ఏప్రిల్ పేజీ తిరగేశాడు. టైమ్ మారేది ఏప్రిల్ ఒకటిన అని ఉంది. గుడి వాలంటీర్లు పాత రూల్ పట్టుకుని ప్రింట్ చేసేశారు. ఇవాళ్టి నుంచి మార్చి టైములన్నీ గంట తేడా.

6:39కి ధర్మారావు శాటిలైట్ ఫోన్‌తో తన రూమ్‌లోంచి డెక్ మీదకి బయల్దేరాడు. వెనక గన్‌ల ఇద్దరూ.

"అంకుల్!" రఘువీర్ పూరీ నములుతూ పిలిచాడు. "కేలండర్ తప్పండీ. ఇవాళ టైమ్ మారింది కదా. రాహుకాలం 7:40 దాకా ఉంది."

"ఏం మాట్లాడుతున్నావయ్యా?"

"ఆదివారం రాహుకాలం సూర్యాస్తమయం దాకా కదండీ. ఒకసారి బయటికి చూడండి."

ధర్మారావు చూశాడు. లాన్ మీద బంగారంలాంటి ఎండ. పిల్లలు బబుల్స్ ఊదుతున్నారు. ఆయన మొహం పాలిపోయింది.

పంతులుగారికి సెల్‌ఫోన్‌లో కాల్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. వాయిస్ మెయిల్. 6:51. ప్రణీత ఆయన చెవిలో ఏదో గట్టిగా చెప్పింది. ఆయన నుదురు తుడుచుకున్నాడు. 6:57కి పళ్లు బిగించి శాటిలైట్ ఫోన్ యాంటెన్నా లాగాడు. రఘువీర్ వేళ్లలో పూరీ నలిగిపోయింది. ఉమ, అనుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత భయం వేసింది.

"ఏవండీ!" రాధారాణి అట్లకాడతో వచ్చింది. "రాహుకాలంలో ఏంటా ఫోన్? ఆస్పత్రిలో నేను పడ్డ పాట్లు చాలవా?"

"రాధా, అర్జెంట్. ఇటివ్వు."

"ఏడూ నలభై దాటాక ఇస్తా." ఫోన్ లాక్కుని బొడ్లో దోపుకుంది. గన్‌లవాళ్లు యజమాని వంక చూశారు. ఆవిడ మీద చెయ్యి వేయమని చెప్పే దమ్ము ఆయనకి లేదు.

హాల్లో గడియారం ఏడు కొట్టింది.

మూడు వారాల తర్వాత ఉమ ఫోన్ చేసింది.

"బతికే ఉన్నా రఘూ. ఎలా తప్పిందో ప్రెసిడెంట్‌కి తెలిసింది. భయపడిపోయాడు. ఆర్మీని మంచి చేసుకోవాలని మిలిటరీ బడ్జెట్ రెట్టింపు చేశాడు. మా ఇంక్యుబేటర్లు కేన్సిల్. నిన్న వార్డులో ఇద్దరు పసిపిల్లలు పోయారు."

రఘువీర్ ఫోన్ రెండో చెవికి మార్చాడు. దవడ మళ్లీ మొద్దుబారింది.

"టాంకుల ఆర్డర్ ఎవరికిచ్చారు?" అని మాత్రం అడిగాడు.

"ఎవరో ధర్మారావట. సంతకాలు ఇవాళే."

గోడ మీద కొత్త కేలండర్ ఉంది. గుడివాళ్లు తప్పు దిద్ది మళ్లీ పంచారు. రఘువీర్ టైమ్ చూసి, కేలండర్ చూశాడు. రాహుకాలం అయిపోయి పది నిమిషాలైంది.