అరవై మూడు ఇళ్ళ మనవి

ఉదయం ఏడు గంటలకు కొత్తమొగ దగ్గర రెండు వందల ఇళ్ళు రోడ్డు దాటుతున్నాయి. శాసనసభ్యురాలు సైకం హైమావతి సైకిలు దిగి, గట్టు పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఒక ఇంటి అరుగు మీద ఒకాయన పళ్ళు తోముకుంటూ సాగిపోయాడు. ఇంకో ఇంటి దండెం మీద చీరలు ఆరుతున్నాయి. కిటికీలోంచి ఒకావిడ పాల గిన్నె గట్టిగా పట్టుకుని, "ఇంకెంత దూరమండీ?" అని లోపలెవరినో అడుగుతోంది.

సముద్రం తీరగ్రామాలను మింగడం మొదలుపెట్టాక ప్రభుత్వం కట్టించిన చరగృహాలవి. ఇప్పుడు మంత్రుల దాకా అందరివీ అవే. ఒక్కో ఇంటికి ఆరు ఉక్కు కాళ్ళు. ఎండ్రకాయల్లా పక్కవాటుగా నడుస్తాయి కనుక జనం వాటిని ఎండ్రిళ్ళు అంటారు. ఏ ఇల్లు ఎక్కడ నిలవాలో నిర్ణయించేది 'స్థలజ్ఞ' అనే గణనయంత్రం. పోటు ఎంత వస్తుంది, గాలి ఎటు మళ్ళుతుంది, మంచినీళ్ళు ఎక్కడున్నాయి అన్నీ లెక్కవేసి, నెలకో నలభై రోజులకో ఇళ్ళను లేపి కొత్త తావుకు నడిపిస్తుంది. ప్రతి కుటుంబమూ తన అవసరాలను 'ఇంటి మనవి'లో రాసుకోవచ్చు. ఆయాసం ఉంది, చెట్ల నీడ కావాలి. కాళ్ళు నడవవు, ఆసుపత్రి దగ్గర కావాలి. రాసిన మనవిని స్థలజ్ఞ తీర్చి తీరాలని చట్టం.

పదకొండేళ్ళుగా తుపానుల్లో ఒక్క ప్రాణం పోలేదు. ప్రతిపక్షంలో ఉన్నా హైమావతి ఆ మాట కాదనలేదు. కానీ ఆమె దగ్గర ఇప్పుడు ఒక జాబితా ఉంది. ఏడాదిలో తొమ్మిదిసార్లు ఇళ్ళు కదిలితే, తొమ్మిదిసార్లూ అవే అరవై మూడు ఇళ్ళు కొత్త తావులో కూడా పక్కపక్కనే నిలిచాయి. అంతా అధికార పక్షం వాళ్ళే అయ్యుండాలనీ, పైనుంచి ఎవరో స్థలజ్ఞను తిప్పుతున్నారనీ ఆమె అనుమానం. ఎల్లుండి ప్రశ్నోత్తరాల సమయంలో గృహచలన మంత్రిని నిలదీయాలి. ఆ వెంటనే సభలోకి సవరణ బిల్లు వస్తోంది. అది నెగ్గితే మనవి రాసుకునే హక్కే పోతుంది. గోడల్లో గ్రాహకాలు, అంటే సెన్సర్లు, అమర్చి, ఎవరికేం కావాలో యంత్రమే తెలుసుకుంటుందట.

ఇళ్ళ వరుస దాటిపోయాక ఆమె సైకిలెక్కి ఆ అరవై మూడు ఇళ్ళ దగ్గరకు వెళ్ళింది.

అవి రెండు వరుసలుగా, ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మిగతా చోట్ల ఏ ఇంటి తలుపు చూసినా మూసే ఉంటుంది. ఇక్కడ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మధ్య దారిలో మంచం మీద నలుగురు ఆడవాళ్ళు వడియాలు పెడుతున్నారు. ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనకు గడ్డం గీస్తూ ఏదో వాదిస్తున్నాడు.

చేపల బుట్ట అల్లుకుంటున్న ముసలావిడ తలెత్తింది. కర్రి వెంకాయమ్మ ఆమె పేరు. "ఎమ్మెల్యే గారు కదూ! రామ్మా, కూచో. సైకిలు మీదొచ్చావా ఎండలో?"

హైమావతి కూర్చుని సూటిగానే అడిగింది. "మీ ఇళ్ళన్నీ ఎప్పుడూ ఒకచోటే ఉంటున్నాయి. ఎవరు సిఫార్సు చేశారు?"

వెంకాయమ్మ పకపకా నవ్వింది. "మా మొహాలకి సిఫార్సెవరు చేత్తారమ్మా? అబద్ధాలు రాసుకున్నాం."

గడ్డం గీస్తున్న పెద్దాయన కత్తి పక్కన పెట్టాడు. బోయ ఓబులేసు, అనంతపురం వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ బస్సు కండక్టరు. "ఆ బుద్ధి నాదే మేడమ్. వాళ్ళ తప్పేం లేదు" అన్నాడు.

ఆరేళ్ళ కిందట ఒక పెద్ద తుపానులో స్థలజ్ఞ తొందరలో ఎక్కడెక్కడి ఇళ్ళనో తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. ఎవరికెవరూ తెలియదు. పదకొండు రోజులు వాన. ఒకరి దగ్గర బియ్యం ఉంటే ఇంకొకరి దగ్గర పొయ్యి ఉంది. ఒకే గుండిగలో వండుకుని తిన్నారు. పన్నెండో రోజు ఇళ్ళు విడిపోవాలని ఆదేశం వచ్చింది. ఎవరికీ మనసొప్పలేదు.

"మనవి రాస్తే తీర్చాల్సిందే కదా అని ఆలోచన చేసినా" అన్నాడు ఓబులేసు. "ఒక్కొక్కరం పక్కోళ్ళని ఒక రోగానికి మందుగా రాసుకుంటిమి. నాకు గుండెజబ్బనీ, పక్కింట్లో మాట్లాడే మనిషి లేకుంటే నిద్ర పట్టదనీ రాసినా. గుండె బాగానే ఉంది. రెండోది మాత్రం నిజం."

"నేనేమో ఆచారి గారింట్లో పూజ గంట వినపడకపోతే మందేసుకోడం మర్చిపోతానని రాశాను" అంది వెంకాయమ్మ.

సగం గీసిన గడ్డంతో కూర్చున్న ఆచారి గారు గొంతు సవరించుకున్నారు. "నా ఉబ్బసానికి ఎండు చేపల గాలి మంచిదని రాశానమ్మా. వైద్యుడు చెప్పాడని కూడా రాశాను. భగవంతుడు క్షమించుగాక."

వడియాలు పెడుతున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక మంచం కోడు పట్టుకున్నారు. హైమావతి కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

తర్వాత ఆమె ఆ వీధిని ఇంకోసారి చూసింది. చేపలు పట్టేవాళ్ళ ఇల్లు, దాని పక్కన పూజారి ఇల్లు, ఎదురుగా దర్జీ ఖాదరు ఇల్లు. ఆమె నాయనమ్మ పుట్టిన ఊళ్ళో నాలుగు పేటలుండేవి, నాలుగు వేరు వేరు నీళ్ళ రేవులుండేవి. ఒక పేట వాళ్ళు ఇంకో పేట వీధిలోంచి నడవాలన్నా ఆలోచించేవారట. ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని కాలనీలు కట్టినా ఆ పేటలు కాలనీల్లోకి కూడా వచ్చేశాయి. స్థలజ్ఞకు కులం తెలియదు, ఊరు తెలియదు. ప్రాణాలు కాపాడమంటే అది పేకముక్కలు కలిపినట్టు మనుషుల్ని కలిపేసింది. కలిసినవాళ్ళు ఇక విడిపోం అంటున్నారు.

"మేడమ్" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "ఇది సభలో చెప్తే మా వీధి పోతాది. చెప్పకుంటే బిల్లుతో ఎట్లా అయినా పోతాది."

వెంకాయమ్మ బుట్ట కింద పెట్టింది. "చెప్పెయ్యమ్మా. దాక్కుని ఎన్నాళ్ళుంటాం? కానీ మేం దొంగలం కాదని కూడా చెప్పు."

*

శాసనసభలో గృహచలన మంత్రి ఆలపర్తి నరహరికి ఒక పేరుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చేతిలో కాగితం లేకుండా ఏ అంకె అడిగినా చెప్పగలడు. ఎనిమిదేళ్ళుగా హైమావతి ఆయన్ని ప్రశ్నిస్తూనే ఉంది, ఆయన తడబడకుండా జవాబిస్తూనే ఉన్నాడు.

"అధ్యక్షా, ఒక కుటుంబం ఒకే పొరుగువారి పక్కన సగటున ఎన్ని రోజులు ఉంటుందో మంత్రి గారు చెప్పగలరా?"

"ముప్పై ఏడు రోజులు, అధ్యక్షా."

"సంక్షేమ మంత్రి గారికి నా అనుబంధ ప్రశ్న. ఒంటరి వృద్ధులు సాయం కోసం చేసే ఆసరా పిలుపులు నెలకు ఇంటికి ఎన్ని? నేను పంపిన జాబితాలోని అరవై మూడు ఇళ్ళ నుంచి ఎన్ని?"

సంక్షేమ మంత్రి చేతిలోని తెరపలక చూసుకున్నారు. "రాష్ట్ర సగటు పద్నాలుగు. ఆ అరవై మూడు ఇళ్ళ నుంచి..." ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "ఆరు నెలలుగా ఒక్కటీ లేదు, అధ్యక్షా."

"వాతావరణ మంత్రి గారు చెప్పాలి. తుపాను హెచ్చరిక వచ్చాక ఇల్లు కదలడానికి సిద్ధమయ్యే సమయం ఎంత?"

"ఇరవై ఆరు నిమిషాలు. ఆ అరవై మూడు ఇళ్ళు మాత్రం తొమ్మిది నిమిషాల్లో సిద్ధమవుతున్నాయి" అన్నారు వాతావరణ మంత్రి ఉత్సాహంగా. "దేశంలోనే ఇది రికార్డు. మా ప్రభుత్వ కృషికి ఇదే నిదర్శనం, అధ్యక్షా!"

"మీ కృషి కాదండీ" అంది హైమావతి. "ఒకరి ముసలమ్మను ఇంకొకరు ఎత్తుకుని లోపల కూర్చోబెడతారు. ఒకరి మేకను ఇంకొకరు కట్టేస్తారు. ఎవరింట్లో ఏ సామాను ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. అలా పక్కపక్కన ఉండటం కోసం వాళ్ళు మనవిలో అబద్ధాలు రాశారు. నేను విచారించాను, వాళ్ళే ఒప్పుకున్నారు."

సభ గొల్లున నవ్వింది. నరహరి లేచాడు. గొంతులో గెలుపు దాచుకోలేదు. "గౌరవ సభ్యురాలికి ధన్యవాదాలు, అధ్యక్షా. మనవిలో మనుషులు అబద్ధాలు రాస్తారు. అందుకే కదా ఈ సవరణ! గ్రాహకాలు అబద్ధమాడవు."

అధికార పక్షం బల్లలు చరిచింది. హైమావతి కూర్చోలేదు. రాసుకొచ్చిన కాగితాల్లో లేని ప్రశ్న ఒకటి ఆమె నోట్లోంచి వచ్చింది.

"చివరి ప్రశ్న, అధ్యక్షా. మంత్రి గారి పక్కింట్లో ఎవరుంటారు?"

నరహరి నోరు తెరిచాడు. మూశాడు. "మా ఇల్లు... నిన్ననే మారింది, అధ్యక్షా."

"అంతకుముందు పక్కింట్లో?"

ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన బల్ల మీద కాగితం కోసం వెతికాడు. ప్రతిపక్షం వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. హైమావతి తన వాళ్ళ వైపే తిరిగి చెయ్యెత్తింది. "నవ్వకండి. నా పక్కింట్లో ఎవరుంటారో నాకూ తెలియదు."

నవ్వులు ఆగిపోయాయి. సంక్షేమ మంత్రి తనలో తను అనుకున్నట్టుగా "నాకూ తెలియదు" అన్నారు. మైకు తెరిచే ఉండటంతో అది అందరికీ వినిపించింది.

"వాళ్ళు రాసింది అబద్ధమే" అంది హైమావతి. "నిజం రాయడానికి ఆ మనవిలో చోటు లేదు, అధ్యక్షా. నీడకు గడి ఉంది, నీళ్ళకు గడి ఉంది. పొరుగుకు గడి పెట్టండి. అరవై మూడు కుటుంబాలూ రేపే నిజం రాస్తాయి."

నరహరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సవరణను సభాసంఘానికి పంపడానికి నాకు అభ్యంతరం లేదు, అధ్యక్షా."

ఈసారి బల్లలు రెండు వైపులా మోగాయి.

*

నాలుగు నెలలకు మనవిలో 'పొరుగు' అనే గడి వచ్చింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు రాసుకుంటే చాలు. స్థలజ్ఞను తయారుచేసిన నిపుణులు, జనమంతా బంధువుల పేర్లే రాస్తారనీ, పాత పేటలే మళ్ళీ లేస్తాయనీ భయపడ్డారు. పదిమందిలో ముగ్గురే బంధువుల్ని రాశారు. మిగతావాళ్ళు ఎప్పుడో ఒక వానలో, ఒక ఎండలో పక్కన ఉండి తర్వాత తప్పిపోయిన మనుషుల్ని రాశారు. ఆ నెల రాష్ట్రమంతా ఇళ్ళు నడిచాయి. ఎదురొచ్చే ఇంటిని చూసి పెద్దవాళ్ళు అరుగుల మీదే చేతులూపారు. కొన్నిచోట్ల డప్పులు కొట్టారు. వెంకాయమ్మ వీధి వంద ఇళ్ళు దాటింది. ఆచారి గారు ఉబ్బసం మాట కొట్టేసి, వెంకాయమ్మ పేరు రాసి సంతకం పెట్టారు.

అందరి గడులూ నింపించడంలో పడి హైమావతి తన గడి ఖాళీగా వదిలేసింది. నిజానికి ఎవరి పేరు రాయాలో ఆమెకు తోచలేదు.

ఒక ఉదయం ఆమె గోడ మీద స్థలజ్ఞ సందేశం వెలిగింది. "ఆలపర్తి నరహరి మీ పొరుగు కోరుతున్నారు. గమనిక: ఎనిమిదేళ్ళలో మీరిద్దరూ ఏకీభవించిన సందర్భాలు రెండు. ఈ జత సిఫార్సు చేయదగినది కాదు."

ఆమె వెంటనే ఫోను చేసింది. "ఏంటండీ ఇది? పొరపాటున రాశారా?"

"పొరపాటు కాదమ్మా" అన్నాడు నరహరి. సభలో వినిపించే గొంతు కాదది. "మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. గడి ముందు కూర్చుని రెండు రోజులు ఆలోచించాను. నేనెప్పుడేం మాట్లాడానో తారీఖుతో సహా గుర్తుపెట్టుకున్న మనిషి ఈ రాష్ట్రంలో మీరొక్కరే."

"నేను సభలో మిమ్మల్ని వదలను" అంది హైమావతి.

"వదిలేస్తే నాకేం బావుంటుంది?"

ఆ రాత్రి ఆమె తన ఖాళీ గడిలో ఆయన పేరు రాసింది. మర్నాడు పొద్దున ఆయన ఇల్లు పక్కవాటుగా నడుచుకుంటూ వచ్చి, ఆమె అరుగుకు రెండు గజాల దూరంలో కాళ్ళు మడిచింది. నరహరి కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు. లుంగీలో ఆయన్ని ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"తాగునీటి మీద రేపటికి మీరిచ్చిన ప్రశ్న చూశాను" అన్నాడాయన. "పదును తక్కువైందమ్మా. అలా అడిగితే నేను రెండు ముక్కల్లో తప్పించుకుపోతాను."

"అయితే ఎలా అడగాలి?"

"చెప్తాను. ముందు కాఫీ తాగండి" అంటూ ఆయన రెండో గ్లాసు కోసం లోపలికి వెళ్ళాడు. హైమావతి కుర్చీని అరుగు అంచుకు జరుపుకుని, కాగితమూ కలమూ తీసుకుని కూర్చుంది.