అయస్కాంతం తిప్పిన చేయి

"మీ అణువుల్లో కుడీ ఎడమా కలిసిపోయాయండీ," అన్నాడతను, రెండు గ్రాఫులనూ బల్లమీద పరిచి.

అణువులను తయారుచేసేది ఆమె. వాటిగుండా ఎలక్ట్రాన్లను పంపి కొలిచేది అతను. ఆ అణువులకు అద్దంలో ప్రతిబింబాల్లా కుడిరూపం, ఎడమరూపం ఉంటాయి. ఎలక్ట్రాన్ల స్పిన్, అంటే అవి బొంగరంలా తిరిగే దిశ, ఎటువైపు ఉండాలో అడుగున పెట్టిన అయస్కాంతం నిర్ణయిస్తుంది. కుడిరూపం సులువుగా దారినిచ్చే స్పిన్‌కు ఎడమరూపం అడ్డుపడాలి. కానీ ఇక్కడ రెండు గీతలూ ఒక్కలాగే ఉన్నాయి. మూడింటికి ప్రొఫెసర్ వస్తారు. రూపాలు విడిపడలేదని ఆవిడ తేల్చితే ఆమె రెండేళ్ల శ్రమ నీరుగారిపోయినట్టే.

"మూడుసార్లు పరీక్షించి ఇచ్చాను."

"నా మెషీన్ అబద్ధం చెప్పదండీ."

"మెషీన్ చెప్పదు. మీ సంగతే నాకు తెలీదు."

బయట వాన. ఆమె కిటికీకీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది.

"కాస్త కూర్చోండి, నాకు తల తిరుగుతోంది."

"తిరగనివ్వండి. ఎలా కొలిచారో ఒకసారి చేసి చూపించండి."

అతను కుడిరూపం అణువులు పూసిన పలకను తీసి ఎడమరూపం పలకను పెట్టాడు. అంతలో అతని చేయి దానంతటదే అయస్కాంతాన్ని తిరగేసింది.

"ఆగండి! అదేమిటి?"

"శాంపిల్ మార్చినప్పుడల్లా తిప్పుతాను. పాత ప్రయోగాల నుంచీ అలవాటు..."

"అణువునీ మార్చి, స్పిన్‌నీ మారిస్తే గీత ఇంకెలా మారుతుంది, మహానుభావా?"

అతని ముఖం పాలిపోయింది. తప్పుకు కారణం అలవాటే. ఆ అలవాటు కంటపడకపోవడానికి కారణం వేరు. శాంపిల్ ఇచ్చి ఆమె పక్కన నిలబడిన ప్రతిసారీ అతని చూపు అయస్కాంతం మీద ఉండేది కాదు.

మళ్లీ కొలవడానికి రెండు గంటలు కావాలి. మూడు కావడానికి పది నిమిషాలే ఉంది. అతను తిన్నగా ప్రొఫెసర్ గదికి నడిచాడు. ఆమె అతని వెనకే పరుగెత్తింది.

"తప్పు నాది మేడమ్. ఆమె అణువులు సరైనవే."

"కొలవకుండానే?"

"ఆమె మూడుసార్లు చూసుకుంది. నేను నా చేతిని ఒక్కసారీ చూసుకోలేదు."

"మరి ఎటు చూస్తున్నావయ్యా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ప్రొఫెసర్ ఆమె వైపు చూసి, నవ్వు దాచుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఐదింటిదాకా ఆగుతాను. పొండి."

ఈసారి అయస్కాంతాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఐదుకు కొంచెం ముందు, తెరమీద ఒక గీత పైకి, ఒకటి కిందికి సాగాయి.

"విడిపోయాయి!" అన్నాడతను.

"అవి విడిపోతే చాలు," అంటూ ఆమె తన కుర్చీని అతని కుర్చీ పక్కకు జరుపుకుంది.