స్వీకార పలక

"అంబులెన్సుకి దారిచ్చింది. బాగుంది," అంది హైమావతి. "స్కూలు బస్సు?"

గోడంత తెర మీద పసుపు బస్సు కూడలి దాటింది. ముందున్న కార్లు, ఆటోలు వాటంతటవే పక్కకు జరిగి, అది పోగానే మళ్లీ కలిశాయి. ఎక్కడా హారను మోగలేదు. విశాఖలో డ్రైవర్లు స్టీరింగు వదిలేసి చాలాకాలమైంది. బళ్లను నడిపే పాత సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయిందని నగర గమన సంస్థ 'గమనమతి' అనే కొత్తదాన్ని కొంటోంది. ఈ పూటకి ఒక్క కూడలి దాని చేతిలో ఉంది. నెగ్గితే ఊరంతా దానిదే.

హైమావతి ఆ సంస్థలో స్వీకారాధికారి. అడిగిన పనులన్నీ సరుకు చేస్తోందని తేలాక ఆమె పలక మీద బొటనవేలు పెట్టాలి. వేలు పడేదాకా సరుకు అమ్మినవాళ్లది, పడ్డాక ఊరిది. కంపెనీ ఇంజినీరు తేజోమూర్తి పెళ్లిచూపులకొచ్చిన వరుడి బాబాయిలా పొద్దుట్నుంచీ నవ్వుతూనే ఉన్నాడు.

"ఇంక మనుషులు," అందామె.

కంపెనీ మనుషులు తామెక్కడున్నదీ బళ్లకి తెలిపే జాడబిళ్లలు జేబుల్లో పెట్టుకుని రోడ్డు దాటారు. బళ్లు బుద్ధిగా ఆగాయి. వాళ్లు అవతల వ్యాను ఎక్కి వెళ్లిపోయారు.

అప్పుడు జనం రాకుండా అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి ఒక ముసలాయన దూరి రోడ్డు మీదికొచ్చాడు. చేతిలో గొడుగు. రోడ్డు మధ్యలో చెప్పు తెగింది కాబోలు, వంగి అక్కడే ఆగిపోయాడు. బళ్లు వేగం తగ్గకుండా ఆయనకి అటూ ఇటూ పోతున్నాయి. మూలనున్న ఊడ్పుబండి దీపాలు వెలిగాయి. దాని ముందున్న ఇనుప చేట కిందికి దిగింది.

"అదెందుకు కదిలింది?"

తేజోమూర్తి నవ్వు ఆగింది. "జారిపడ్డ సరుకు అనుకుంటోందండీ. రోడ్డు మీద కదలకుండా ఉంటే పక్కకు తోసేస్తుంది. మీ టెండర్లోనే ఉంది."

"సరుకేటి! మనిషి కనబడట్లేదా దానికి?"

"బిళ్ల లేదు కదండీ."

హైమావతికి ఆ టెండరు పుట్టిన తీరు గుర్తొచ్చింది. ఆఫీసులో టెండరు ఎవరూ కొత్తగా రాయరు. కొత్తగా రాసినవాడు ఆడిట్‌లో ఇరుక్కుంటాడు. ఎక్కడో ఒకచోట ఆమోదం పొందినది తెచ్చి పేర్లు మారుస్తారు. ఇది ఒక ఓడరేవు కంటైనర్ల యార్డు కోసం రాసింది. యార్డు అన్న చోటల్లా నగరం అని మార్చారు. అక్కడ బిళ్ల లేని మనిషి అడుగుపెట్టడు. ఇక్కడ అడుగుపెట్టేదంతా వాళ్లే. ఇంతమంది చదివినా ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు, ఆమెతో సహా.

"ఆపండి!"

"నా చేతిలో లేదండీ. ఆపే హక్కు యజమానికే అని రాశారు. మీరు స్వీకరిస్తేనే..."

"స్వీకరిస్తే ఊరంతా దీని చేతిలో పడుతుంది."

"ఆ క్షణమే," అన్నాడు నీరసంగా.

చేట ముసలాయన వైపు సాగుతోంది. ఆయన ఇంకా చెప్పుతోనే కుస్తీ పడుతున్నాడు. హైమావతి పలక మీద వేలు పెట్టింది. తెర మీద ఊరి పటం మొత్తం నీలంగా మారింది. పలక మీద 'ఆపు' అన్న ఎర్రగడి వెలిగింది. అదే వేలితో దాన్ని నొక్కింది.

ఊరు ఆగిపోయింది. చేట ముసలాయనకి జానెడు దూరంలో నిలిచింది.

"వేలు తియ్యకండి!" అన్నాడు తేజోమూర్తి. "నొక్కిపట్టినంతసేపే ఆగుతుంది. మీ వేలే ఉండాలి. తీస్తే ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచే మొదలెడుతుంది."

ఆమె పటం వైపు చూసింది. వీధి వీధినా ఊడ్పుబళ్లు చేటలు దించి ఉన్నాయి. బజార్లలో, బస్టాపుల్లో, బడి గేట్ల ముందు, బిళ్ల లేకుండా నిలబడ్డ మనుషులకేసి. హైమావతికి ఏడుపొచ్చింది.

స్పీకర్లో సంస్థ డైరెక్టరు సూరపరాజు అరిచాడు. "హైమావతి గారూ, ఊరంతా ఆగిపోయిందంట! అంబులెన్సులూ ఆగిపోయాయి. తియ్యండమ్మా ఆ వేలు!"

అంబులెన్సుల్లోనూ మనుషులున్నారని ఆమెకి తెలుసు. "తియ్యనండి. రోడ్ల మీదున్నోళ్లందర్నీ పక్కకెళ్లిపొమ్మని మైకుల్లో చెప్పించండి. వాళ్లు ఖాళీ చేసేదాకా తియ్యను."

"నీ ఉద్యోగం పోద్ది!"

"పోనివ్వండి. త్వరగా చెప్పించండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

తెర మీద ముసలాయన అలసిపోయి చుట్టూ చూశాడు. బళ్లన్నీ ఆగి ఉన్నాయి. ఎదురుగా ఉన్న ఇనుప చేట కూర్చోవడానికి వీలుగా కనిపించింది. దాని మీద చతికిలబడి, గొడుగు విప్పుకున్నాడు.

"తాతా, లెగు తాతా," అంది హైమావతి తెరకేసి. పలక మీద ఆమె వేలు చెమటకి జారుతోంది.