నాలుగు వందల పన్నెండు ఎంబీ

మంగళవారం ఉదయం 6.10కి కొండవీడు ఘాట్ రోడ్డులో మూడో మలుపు కింద శవం కనిపించింది.

పేరు సందీప్. ఇరవై నాలుగేళ్లు. ఎడ్లపాడు దగ్గర ఓ క్వారీలో క్రషర్ ఆపరేటర్. పక్కన బోల్తాపడిన బైకు. చొక్కా నిండా విస్కీ వాసన. ఫోను లేదు.

తాగి బండి నడిపాడని ఎస్సై అప్పటికే రాసేశాడు. రాయడానికేం, పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజేశ్వరికి ఆ తొందర నచ్చలేదు. తలకున్న హెల్మెట్ మీద గీత కూడా లేదు. దాని లోపల తల మాత్రం వెనకవైపు పగిలింది. ఎవరో కొట్టి చంపి, తర్వాత హెల్మెట్ తొడిగారు.

తల్లి అంజమ్మ ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉంది.

"పన్నెండు రోజుల కింద మా ఆయన అదే క్వారీ బ్లాస్టింగులో పోయాడమ్మా. తాగి అడ్డమొచ్చాడన్నారు. ఇప్పుడు కొడుకూ తాగే చచ్చాడంటన్నారు. మా ఇంట్లో మందు ముట్టినోడు లేడు. ఇద్దర్నీ తాగుబోతుల్ని చేసి పంపిస్తారా?"

"సందీప్ నిన్న ఎక్కడికి వెళ్లాడు?"

"ఆదివారం నాన్న పెద్దకర్మ చేశాడు. సోమారం పొద్దున్నే లాయరుకి వీడియో పంపాలని నరసరావుపేట పోయాడు."

"ఏం వీడియో?"

"రీల్స్ కోసం రోజూ బ్లాస్టింగు వీడియో తీసేవోడు. ఆ రోజూ తీశాడంట. నాకు చూపించలా."

మధ్యాహ్నానికి పోస్టుమార్టం రిపోర్ట్ వచ్చింది. కడుపులో చుక్క మందు లేదు. విస్కీ అంతా చొక్కా మీదే.

2.30కి రాజేశ్వరి నరసరావుపేట కోర్టు ఎదురుగా ఉన్న లాయర్ నరసింహారావు ఆఫీసు మెట్లెక్కింది. అంజమ్మ భర్త కోటేశ్వరరావు చావు కేసు చేపట్టింది ఆయనే.

"సందీప్ మీకు వీడియో పంపాడా?"

"పంపుతానన్నాడు. రాలేదు."

"నిన్న సాయంత్రం 4.10కి మీరే అతనికి ఫోన్ చేశారు."

"ఎందుకు రాలేదని అడిగాను. ఫైలు పెద్దది, మెయిల్లో పోవట్లేదన్నాడు. పెన్‌డ్రైవ్‌లో తెమ్మన్నాను. పాపం, మళ్లీ రాలేదు."

నిట్టూర్చాడు కూడా. ఆ నిట్టూర్పు మరీ కుదురుగా ఉందని రాజేశ్వరికి ఒళ్లు మండింది.

సందీప్ వెళ్లిన నెట్ సెంటర్ అదే వీధిలో ఉంది. ఓనర్ తన్వీర్ ఫొటో చూడగానే గుర్తుపట్టాడు.

"11.20కి వచ్చాడు మేడమ్. 412 ఎంబీ ఫైలు. ఇరవై ఐదు దాటితే మెయిల్లో పోదు. వాట్సాప్‌లో పెట్టమన్నా. మసకైపోద్ది, మా నాన్న నడక కనపడాలన్నాడు. అందుకని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి లాయరు గారికి లింకు పంపించా."

"అతని మెయిల్ నుంచా?"

"షాపు మెయిల్ నుంచే. పాస్‌వర్డులు ఎవరికి గుర్తుంటాయి మేడమ్? ఈ చుట్టుపక్కల సగం మంది కాయితాలు నా మెయిల్లోనించే పోతాయి."

"లింకు ఎవరైనా తెరవొచ్చా?"

"లేదు. ఆధార్లూ అవీ ఉంటాయి కదా, లాక్ చేసే పంపుతా. అవతలోళ్లు పర్మిషన్ అడిగితే ఇస్తా. నిన్న పరీక్ష ఫీజులకి ఆఖరి రోజు. మెయిల్ చూసే తీరిక లేకపోయింది."

"ఇప్పుడు చూడు."

తన్వీర్ స్క్రీన్ కిందికి జరుపుతూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. మానిటర్‌ని ఆవిడ వైపు తిప్పాడు.

బుధవారం 11.00కి స్టేషన్లో నలుగుర్ని కూర్చోబెట్టింది. అంజమ్మ, లాయర్, తన్వీర్, క్వారీ మేనేజర్ బాబూరావు.

"ఆ రోజు బ్లాస్టింగుకి ముందు సైరన్ మోగించారా?"

"మోగించాం మేడమ్," అన్నాడు బాబూరావు నేల చూస్తూ.

"సోమవారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"క్వారీలోనే. కెమెరాలో కూడా ఉన్నా."

"చూశాను. సైరన్ సంగతి తర్వాత తేలుస్తాను." ఆవిడ లాయర్ వైపు తిరిగింది. "మీకు మెయిల్ రాలేదన్నారు."

"రాలేదు."

"వచ్చింది. 12.05కి లింకు నొక్కారు. తెరుచుకోలేదు. పర్మిషన్ అడిగే పెట్టెలో నాలుగు ముక్కలు రాశారు. అది సందీప్‌కి చేరుతుందనుకున్నారు. సబ్జెక్టులో అతని పేరు చూశారు గానీ, ఎవరి మెయిల్ నుంచి వచ్చిందో చూడలేదు. మీరు రాసింది తన్వీర్ షాపుకు చేరింది."

ప్రింటవుట్ తీసి చదివింది.

"'సందీప్, ఓపెన్ కావడం లేదు. ఆఫీసుకు రావద్దు. ఐదింటికి కొండవీడు ఘాట్ మూడో మలుపు దగ్గరికి ఫోన్ తీసుకుని రా. ఎవరికీ చెప్పకు.' జవాబు రాకపోయేసరికి 4.10కి ఫోన్ చేసి అదే చెప్పారు. 5.20కి మీ ఫోను కొండవీడు టవర్ కింద ఉంది."

నరసింహారావు ప్రింటవుట్ పక్కకి నెట్టాడు. "నేనెందుకు చంపుతాను? వాళ్ల కేసు వాదించేదే నేను."

"క్వారీలో సగం వాటా మీ ఆవిడ పేరున ఉంది. అంజమ్మ గారికి ఆ మాట చెప్పారా?"

కానిస్టేబుల్ వచ్చి లాయర్ జబ్బ పట్టుకున్నాడు.

తీసుకెళ్తుంటే అంజమ్మ అతని వంక చూడనైనా చూడలేదు.

"వీడియో నువ్వు చూశావా అమ్మా?"

"చూశాను."

"నాకూ చూపించు."

వద్దని చెప్పాలనుకుంది రాజేశ్వరి. చెప్పలేకపోయింది. సిస్టమ్ మీద ఫైలు తెరిచింది.

ఎర్రటి క్వారీ గుంట. తట్ట నెత్తిన పెట్టుకుని కోటేశ్వరరావు అడ్డంగా నడిచి వస్తున్నాడు. అడుగు తడబడలేదు. సైరన్ మోగలేదు. ఫోను పట్టుకున్న మనిషి గొంతు ఒక్కసారిగా చీలింది.

"నాన్నా, ఎనక్కి పో. నాన్నా."

రాజేశ్వరి చప్పున ఆపేసింది.

బాబూరావు లేచి గోడ వైపు తిరిగాడు. "సైరన్ మోగించలా మేడమ్. రాసుకోండి," అన్నాడు.

అంజమ్మ వినిపించుకోలేదు. తెర మీద ఆగిపోయిన భర్తను చాలాసేపు చూసింది.

"సక్కంగానే నడుస్తన్నాడు. అది కూడా రాయమ్మా," అంది. కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఆ పిలిచేది మా సందీపు. ఇంకోసారి పెట్టు. పిలిచేదాకా చాలు."