జగ్గమ్మ మేపిన గొర్రె

వెటర్నరీ డాక్టర్ హరిబాబు కుర్చీలోనే పోయాడు. ఒంటిమీద గాటు లేదు, మొహంలో బాధ లేదు. నిద్రలో ఊపిరితిత్తులు పని మానేశాయంతే. ఆ ప్రశాంతత చూసి ఇంటెలిజెన్స్ చీఫ్‌కే భయం వేసింది.

"మత్తు ఇంజెక్షన్లు కొన్ని జంతువు ఊపిరి జోలికి పెద్దగా పోవు. మత్తు గ్యాస్‌తో ఊపిరి సన్నగిల్లుతుంది. ఆయుధాలమ్మే మారెక్ ముఠా చేసిన గ్యాస్ పూర్తిగా ఆపేస్తుంది. హరిబాబును చంపింది అదే," అన్నాడు ఏజెంట్ గోవింద్‌తో. "రేపు బొబ్బిలి దగ్గర గొర్రెల ఫారంలో, కొనేవాడి ముందు డెమో. గొర్రె చస్తే మారెక్ ఫోన్లోంచి ఫార్ములా దేశం దాటుతుంది. ఆ తర్వాత చచ్చేది గొర్రెలు కాదు."

"లోపల మనవాళ్లు?"

"డాక్టర్ శ్రావణి. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. నమ్మకు."

మర్నాడు గోవింద్ ఆ ఫారంలో కాంపౌండర్ వేషంలో ఉన్నాడు. సిలిండర్ మార్చేశాడు. ఇప్పుడందులో ఉన్నది మామూలు మత్తు గ్యాస్. గొర్రె కాసేపు పడుకుని లేస్తుంది, బేరం చెడుతుంది. అప్పుడు చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కితే పోలీసులు దిగుతారు. ఇంత సులువైన మిషన్ ఎన్నడూ చెయ్యలేదనుకున్నాడు పాపం.

గొర్రెను బల్లమీద వెల్లకిలా కట్టారు. పట్టుచీర మీద తెల్లకోటు వేసుకున్న శ్రావణి మాస్క్ బిగించి వాల్వ్ తిప్పింది. గొర్రె సోలిపోయింది. తర్వాత దాని పొట్ట డోలులా ఉబ్బసాగింది. మానిటర్లో ఆక్సిజన్ అంకె జారుతోంది.

 గోవింద్ గొర్రెలు కాసే జగ్గమ్మ వైపు వంగి, "దీన్ని పస్తు ఉంచమన్నారుగా?" అని గొణిగాడు.

"ఆకలితో జీవాన్ని సావుకి పంపితే పాపం బాబూ. పొద్దున్నే పిల్లిపెసర కడుపునిండా మేపీసినాను."

ఆ పచ్చిమేత కడుపులో పులిసి, గాలై, ఊపిరితిత్తులను నొక్కేస్తోంది. మత్తులో ఉన్న గొర్రె త్రేన్చలేదు. జగ్గమ్మ దయ శత్రువు పని చేసిపెడుతోంది.

గోవింద్ ముందుకు దూకాడు. మారెక్ పిస్టల్ అతని కణతకు ఆనింది. "ముట్టుకుంటే కాలుస్తా."

శ్రావణి కొనేవాడి వైపు తిరిగి తాపీగా అంది. "సార్, ఆ పొట్ట చూడండి. మీరు కొనేది ఆయుధమా, కడుపుబ్బరమా?"

కొనేవాడి మొహం ముడుచుకుంది. "వదులు. చూద్దాం."

గోవింద్ మాస్క్ లాగేసి, కట్లు విప్పి, గొర్రెను బోర్లా తిప్పి, గొంతులోకి గొట్టం దించాడు. బుస్సుమని గాలి, వెనకే పచ్చటి నురగ. అయినా గొర్రె పక్కలు కదలలేదు.

"ఉబ్బరం పోయినా లేవలేదు. గ్యాస్‌కే చచ్చింది," అన్నాడు కొనేవాడు. "ఫార్ములా పంపు."

మారెక్ వేలు ఫోన్ మీదకు దిగుతోంది. గోవింద్ ఏ మనిషి కోసమూ అంతగా మొక్కుకోలేదు. శ్రావణి చాటుగా గొర్రె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టింది.

గొర్రె దగ్గింది. ఊపిరి తీసింది. కాళ్లు తన్నుకుని బల్ల దిగింది.

"ఇదా నీ ఆయుధం?" కొనేవాడు కూడా పిస్టల్ తీశాడు. మారెక్ అటు తిరిగేసరికి శ్రావణి అతని ఫోన్ లాక్కుని ఫినాయిల్ బకెట్లో పడేసింది. గోవింద్ గుండీ నొక్కాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "అందరూ దొరికారా?"

"దొరికారు సార్. ముఖ్యసాక్షి మాత్రం మే మే అంటూ జీడితోటలోకి పారిపోయింది."