ఏరేటర్లు ఆగలేదు

కలిదిండి నుంచి కుసుమ ఫోన్ చేసి కంప్యూటర్ మళ్ళీ చచ్చిపోయిందని చెప్పగానే వీరేంద్ర సంబరపడిపోయాడు. రిపేరు చేసినవాడు సిగ్గుతో తల దించుకోవాల్సిన కబురది. అయినా కైకలూరులో షాపు మూసేసి బండెక్కాడు.

కిందటి వారం కరెంటు పోయి, వస్తూ వస్తూ హై వోల్టేజ్‌తో వచ్చి, ఆమె కంప్యూటర్ పవర్ సప్లైని మాడ్చేసింది. ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే కుసుమ, క్లాసు పోతోందని వీరేంద్ర ప్రాణం తీసింది. కొత్తది బిగించాక కాఫీ ఇచ్చి, నవ్వి, అతని నిద్ర చెడగొట్టింది. ఇంతలో ఆమె పెళ్ళిచూపులకి ఆదివారం తాడేపల్లిగూడెం వాళ్ళు వస్తున్నారని తెలిసింది. ఇవాళ శుక్రవారం. అడిగితే ఇవాళే అడగాలి.

మూత విప్పి స్విచ్ వేశాడు. మాడిన వాసన లేదు, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. కరెంటు వైరు పీకి పక్కన పెట్టి, టార్చి వేసి చూస్తే, ఏది లేకపోతే స్క్రీన్ వెలగదో ఆ ర్యామ్ ఉండాల్సిన చోటు ఖాళీ.

“మళ్ళీ హై వోల్టేజేనాండీ?” అంది కుసుమ, ఏమీ ఎరగనట్టు.

“హై వోల్టేజ్‌కి మాడుతుందండీ. ఇంట్లోంచి లేచిపోదు.”

కుసుమ మొహం కందిపోయింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్న సూర్యప్రకాశరావు చెరువు దగ్గర్నుంచి వచ్చి, ఏమైందని అడిగారు. పొద్దున్న కరెంటు పోయి వచ్చిందని కుసుమ తడబడుతూ చెప్పింది.

చేపల చెరువులున్న మనిషి దగ్గర ఆడకూడని అబద్ధం అది. కరెంటు పోతే చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి, గాలందక చేపలు తేలిపోతాయి. ఆ చప్పుడు ఆగితే ఆయన అన్నం ముందు నుంచి కూడా లేచి జనరేటర్ దగ్గరికి పరుగెడతారు.

“పొద్దుట్నుంచి గట్టు మీదే ఉన్నానమ్మా. ఏరేటర్లు ఒక్క క్షణం ఆగలేదు. మనింట్లో మాత్రం ఎలా పోయిందీ?”

కుసుమ వంటింట్లోకి వెళ్ళి, పోపుల డబ్బాలోంచి ర్యామ్ తెచ్చి వీరేంద్ర చేతిలో పెట్టింది. జీలకర్ర వాసన గుప్పుమంది.

“ఆదివారంలోపు మీరు అడుగుతారేమోనని పిలిచానండీ.”

వీరేంద్ర ర్యామ్‌ని బల్ల మీద పెట్టాడు. అడిగేశాడు, ఆమెని కాదు, ఆయన్ని.

“మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారాండీ?”

సూర్యప్రకాశరావు కూతురి మొహంలోనే జవాబు చూశారు. తరవాత, తాడేపల్లిగూడెం వాళ్ళకి రావద్దని ఫోన్ చేస్తానన్నారు. ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకురమ్మని వీరేంద్రతో చెప్పి, ముందు క్లాసు సంగతి చూడమన్నారు.

వీరేంద్ర ర్యామ్ తుడిచి బిగించి స్విచ్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు. చెమటలు పట్టాయి. చివరికి కుసుమే నవ్వాపుకుంటూ, ఇందాక అతను పీకి పక్కన పెట్టిన వైరు అందించింది.

“ఇప్పుడు పోయిందమ్మా కరెంటు,” అన్నారు సూర్యప్రకాశరావు. “అబ్బాయికి.”