ఇరవై రెండు నవ్వు ముఖాలు

ఆ ఫారాలు చూడగానే ముందు చచ్చేంత నవ్వొచ్చింది. తర్వాత గుండె గుభేలుమంది.

ఆసుపత్రిలో పనిచేసే నర్సుల మనసులు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి నన్ను కౌన్సెలర్‌గా పెట్టుకుని అప్పటికి నెల. ఒక్కొక్కరికీ ఒక ఫారం, పది ప్రశ్నలు. నిద్ర పడుతోందా, వేళకు తింటున్నారా, పనికి రావాలంటే భయమేస్తోందా. ప్రతి ప్రశ్న పక్కనా ఐదు బొమ్మ ముఖాలు, ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా. టిక్కు పెడితే చాలు.

మూడో అంతస్తు వార్డు నుంచి ఇరవై రెండు ఫారాలొచ్చాయి. అన్నింట్లోనూ నవ్వు ముఖాలే. అన్నీ ఒకే ఆకుపచ్చ పెన్ను, ఒకే రకం టిక్కు.

మెట్లెక్కి పరిగెత్తాను. వార్డు ఇన్‌చార్జి ఒక చేత్తో సెలైన్ బాటిల్ మారుస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ల్యాబ్ వాళ్లతో పోట్లాడుతోంది. జేబులో ఆకుపచ్చ పెన్ను. చూడగానే నచ్చేసింది. పెన్ను కాదు, మనిషి! చిక్కంతా అక్కడే వచ్చింది. ఆసుపత్రిలో నర్సుని అందరూ పిలిచే పిలుపు ఒక్కటే, సిస్టర్. నా నోరు ససేమిరా అంది.

"ఇన్‌చార్జిగారూ," అన్నాను.

"ఎవరు మీరు? పేషెంటు తాలూకా? సాయంత్రం రండి."

"కౌన్సెలర్‌నండీ. ఈ ఫారాలన్నీ మీరే నింపారా?"

"అవును. పదకొండు నిమిషాల్లో." ఆమె ఏమాత్రం తొణకలేదు. "అందర్నీ కూర్చోబెట్టి నింపించే టైములో నలుగురికి డ్రెస్సింగ్ మార్చొచ్చు. అయినా బాగున్నామనే రాశాగా, మీకొచ్చిన ఇబ్బందేంటి?"

"మీ వార్డులో అందరూ ఎనిమిదేసి గంటలు నిద్రపోతున్నారట."

"పోవాలనే ఉంది సార్."

పక్క మంచం మీది తాతగారు కిసుక్కున నవ్వారు. "పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు ఈ పిల్ల. అది రాసుకో బాబూ!"

"మీరు గట్టిగా ఊపిరి పీల్చే పని చూసుకోండి తాతగారూ," అని కసిరింది ఆమె.

నేను గొంతు తగ్గించాను. "నాకంటే ముందే ఇవి చూసి, మీ వార్డు హాయిగా ఉందని పైవాళ్లు తేల్చేశారండీ. ముగ్గురు నర్సుల్ని వేరే వార్డుకి మార్చేస్తారట. శుక్రవారం మీటింగ్."

ఆమె ఫోన్ పెట్టేసింది. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ముగ్గుర్నా? ఉన్నవాళ్లతోనే ఊపిరాడట్లేదు... నేనే చేశానా ఇది?"

"ఇవాళ మంగళవారమేగా. లేవండి, మళ్లీ నింపిద్దాం."

ఆ మూడు రోజులూ నాకు తిరునాళ్లే. ఎవరి ఫారం వాళ్లే నింపి, మడిచి నా చేతికివ్వాలి. అదొక్కటే షరతు. దుప్పట్ల గదిలో ఇద్దర్ని పట్టుకున్నాం. లిఫ్టులో ఒకర్ని ఆపాం. అందరికంటే భారీగా ఉండే నర్సన్న ఒకాయన ఫారం మడుస్తూ, "రెండేళ్లుగా ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు సార్," అని కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి ఆమె మొహం తిప్పుకుంది.

గురువారం మెట్ల మీద కూర్చుని ఒకే బిస్కెట్ పొట్లం పంచుకున్నాం.

"అందరూ సిస్టర్ అంటారు. మీరేంటి, ఇన్‌చార్జిగారూ అని సాగదీస్తారు?" అంది.

"నోరు తిరగట్లేదండీ."

"సైకాలజీ అన్న మాటకి మాత్రం బాగానే తిరిగినట్టుంది!"

ఆ చూపులోని కొంటెతనానికి నేను బిస్కెట్‌తో పాటు దాని కాగితం కూడా కొంచెం కొరికాను.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై ఒకటి చేతికొచ్చాయి.

"ఇక మీదే బాకీ," అన్నాను.

"ఇవ్వను."

"ఒక్కటి తగ్గినా పాతవే లెక్క అన్నారండీ పైవాళ్లు!"

"ఈ ఫారం ఎవరు చదువుతారు?"

"నేనే."

"బాగాలేదని రాస్తే?"

"వారం వారం నా దగ్గరికొచ్చి మాట్లాడాలి."

"అందుకే మీకివ్వను," అంటూ విసవిసా వెళ్లిపోయింది.

ఇరవై ఒక్కమంది నమ్మారు. నమ్మాలని నేను కోరుకున్న ఆ ఒక్క మనిషే నమ్మలేదు.

మీటింగ్‌కి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. మా మానసిక వైద్య విభాగం పెద్ద డాక్టరు మేడమ్ నా ఫారాల మీద మరో మడత కాగితం పెట్టింది. "ఇరవై రెండోది. ఆ అమ్మాయి నేరుగా నాకే ఇచ్చింది," అంది. గంటసేపు వాదన. చివరికి ముగ్గుర్నీ కదిలించబోమన్నారు. ఇంకో ఇద్దర్ని ఇస్తామని కూడా అన్నారు, ఎప్పుడో మాత్రం చెప్పలేదు.

మూడో అంతస్తుకి ఎలా ఎక్కానో నాకే తెలియదు.

"ముగ్గురూ ఉంటున్నారు!" అని అరిచాను. వార్డంతా హోరెత్తింది. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని, నవ్వుతూనే ఏడ్చేసింది. కాసేపాగి వరండాలోకి వచ్చింది.

"నన్ను నమ్మలేదు కదండీ మీరు," అన్నాను ఉక్రోషంగా.

"ఎవరు చెప్పారు? పదింట్లో తొమ్మిది ఏడుపు ముఖాలే పెట్టాను. మందుల ట్రాలీ దగ్గర నిలబడి ఏం తియ్యాలో మర్చిపోతున్నాను. భయమేస్తోంది. వచ్చే సోమవారం నుంచి మేడమ్ దగ్గరికి వెళ్తాను."

"నా దగ్గరికే రావచ్చుగా?"

"తన దగ్గరికొచ్చే మనిషితో కౌన్సెలర్ బయట కాఫీ కూడా తాగకూడదట. మేడమ్ చెప్పింది. నిజమేనా?"

"నిజమే. అది రూలు."

"మీ పేషెంటునైపోతే ఇక జన్మలో మీతో కాఫీ తాగలేను. అది నాకిష్టం లేదు." చెవులు ఎర్రబడ్డా కళ్లు మాత్రం దించలేదు. "చెప్పుకోవడానికి మేడమ్ ఉంది. పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ పనికి మీరొప్పుకుంటారా, లేదా?"

"ఒప్పుకుంటాను! డ్యూటీ ఎప్పటి నుంచి?"

"ఆదివారం నుంచి. మధ్యాహ్నం దాకా నిద్రపోతాను. నాలుగింటికి రండి."

మెట్లు దూకుతూ అమ్మకి ఫోన్ చేశాను.

"ఏంట్రా, అలా రొప్పుతున్నావు? బాగానే ఉన్నావా?" అని కంగారుపడింది.

"చాలా బాగున్నానమ్మా," అన్నాను. ఇంతకుముందు ఎన్నోసార్లు అన్నాను గానీ, నిజంగా బాగుండి అనడం అదే మొదలు.